ఇంటి బడి – తొలి పుస్తకం

ఈ వార్షిక సంచికను కుడివైపు నుండి తెరచిన వారికి ఉర్దూ రచనలు, ఎడమవైపు నుండి తెరచిన వారికి తెలుగు రచనలు కనబడతాయి. రెండు భాగాలూ నడుమ ఒకచోట కలుసుకొంటాయి. పెద్దవారమైన మనకు ఇందులో వింత ఏమీ లేదు. కాని నాలుగేండ్ల పసిబిడ్డకు ఇదే పని అప్పగించి, ఒక పుస్తకాన్ని కుడి నుండి ఎడమకు, మరొక పుస్తకాన్ని ఎడమ నుండి కుడికి ఒకే పూట చదవమన్నప్పుడు ఏమి జరుగుతుందో మేము మా ఇంటనే కన్నులారా చూశాము. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

పసివారి అక్షరాభ్యాసాన్ని గూర్చి కళాశాల సంచికలో వ్రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. మా తరగతిలో కూర్చునే విద్యార్థినులలో అనేకులు సాయంకాలం ఇల్లు చేరగానే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, అక్క పిల్లలకు పలక పట్టించేవారే. డిగ్రీ ముగిసిన తరువాత వేరే ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఈ ఉద్యోగం మాత్రం వారికి తప్పదు. దీనికి శిక్షణ ఇచ్చేవారు లేరు, జీతమూ లేదు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, దానిని ఎట్లా నడపాలి అనే ప్రశ్న ఎదురైనప్పుడు వారు అడిగేది దుకాణదారుని. అతడు తన వద్ద మిగిలిపోయిన పుస్తకాన్ని చేతిలో పెడతాడు.

2020 మార్చిలో బడులన్నీ మూతపడిన నాటికి మా పెద్దమ్మాయికి నాలుగేండ్లు నిండి నాలుగు నెలలు కావస్తున్నది. మన ఇండ్లలో పలువురు పాటించే ఆచారం ప్రకారం నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగవ నాడు బిస్మిల్లా జరిపించాలని మా అమ్మగారు ముందే నిశ్చయించి ఉన్నారు. బంధువులు రాలేదు, విందు లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని బిడ్డ చేత నాలుగు మాటలు పలికించాము. మరునాటి నుండి అసలు కథ మొదలైనది. మా అమ్మగారు ఖాయిదా తీశారు. అమ్మాయి తల్లి, తాను చిన్ననాడు చదివిన ఉర్దూ మొదటి పుస్తకం తెచ్చింది. తెలుగు ఎం.ఏ. చదివి తెలుగే పాఠం చెప్పుకొని బ్రతుకుతున్న మేము మా బిడ్డ మొదట 'అ, ఆ' దిద్దకపోతే లోకం ఏమనుకొంటుందోనని పెద్ద అక్షరాల తెలుగు వాచకం కొన్నాము. ఇవి చాలవన్నట్లు, మిత్రుడొకరు సలహా ఇవ్వగా, ఇంటి చదువు కొరకే తయారు చేశామని ప్రకటించుకొన్న ఒక సంస్థ నుండి ఇంగ్లీషు పుస్తకాల పెట్టెను తపాలాలో తెప్పించాము. మా జీతంలో అయిదవ వంతు దానికి పోయింది.

ఆ పెట్టెలో పుస్తకాలు, అట్టముక్కలు, రంగు పెన్సిళ్లు, ఏ రోజున ఏ పాఠం చెప్పాలో తెలిపే దినచర్య పట్టిక అన్నీ ఉన్నాయి. లోపమంతా బొమ్మలలో ఉన్నది. మంచుతో కట్టిన ఇల్లు, పొడుగు ముక్కు మంచు మనిషి, మేము ఏనాడూ రుచి చూడని పండ్లు. ఒక్కొక్క బొమ్మకు ముందు దాని పేరు చెప్పాలి, తరువాత అది ఏమిటో చెప్పాలి, ఆ పైన దాని మొదటి అక్షరం చెప్పాలి. అక్షరం కొరకు బొమ్మ పెట్టారా, బొమ్మ కొరకు అక్షరం పెట్టారా అన్నది మాకే తెలియకుండా పోయింది. నెల తిరిగేసరికి అమ్మాయి పుటలన్నీ గడగడ అప్పజెప్పసాగింది. మేము ఉప్పొంగిపోయాము. ఒకనాడు బొమ్మను అరచేతితో మూసి అక్షరం మాత్రమే చూపగా బిడ్డ మా ముఖం వంక చూసింది, చేతి వంక చూసింది, చివరకు "అబ్బా, చేయి తీయండి" అన్నది. అక్షరాలను ఆమె చదువనే లేదు. బొమ్మలను అప్పజెప్పుతున్నది.

ఇదే సమయాన మరొక చిక్కు బయటపడినది. తన పేరును తెలుగులో వ్రాయమంటే పలక కుడి అంచు నుండి మొదలుపెట్టేది. ఉర్దూ వ్రాయమంటే ఎడమ నుండి మొదలుపెట్టేది. ఒక పూట మూడు పలకలనూ మంచం క్రిందికి నెట్టి ఏడ్చింది. బిడ్డ మొండిదని మేమన్నాము. బిడ్డది కాదు, మనదే మొండితనమని మా అమ్మగారన్నారు. తాను వాడకట్టులోని ఆడపిల్లలకు ఏండ్ల తరబడి ఖాయిదా చెప్పినవారు. ఒక ఖాయిదా ముగియకముందు ఎవరికీ రెండవ పుస్తకం ముట్టనివ్వలేదట.

మా అమ్మగారు ఇబ్న్ ఖల్దూన్‌ను చదివినవారు కారు. కాని ఆ మహాపండితుడు 1377లో ముగించిన 'ముఖద్దిమా'లో ఇంచుమించు ఇదే మాట చెప్పాడు. విద్యార్థికి రెండు విద్యలను ఒకేసారి కలిపి బోధింపరాదని, మనస్సు రెండుగా చీలి రెండూ కష్టమవుతాయని ఆయన అభిప్రాయం. పిల్లలపై కాఠిన్యం చూపితే వారికి అబద్ధం, కపటం అలవడతాయని కూడా ఆయన హెచ్చరించాడు. ఆ గ్రంథంలోనే ముస్లిం దేశాలు తమ పిల్లలకు దేనితో చదువు ప్రారంభించేవో పోల్చి చూపిన ఒక అధ్యాయం ఉన్నది. మగ్రిబ్ ప్రాంతంవారు ఖురాన్ తప్ప మరొకటి చెప్పేవారు కారట. అందలుస్ వారు ఖురాన్‌తో పాటు కవిత్వం, వ్యాకరణం, అందమైన వ్రాత నేర్పేవారట. తొలుత భాషను, కవిత్వాన్ని, పిదప గణితాన్ని నేర్పి, ఆ తరువాతనే ఖురాన్ చేత పట్టించాలని ఖాజీ అబూబకర్ ఇబ్నుల్ అరబీ సూచించగా, ఇబ్న్ ఖల్దూన్ దానిని మంచి పద్ధతి అని మెచ్చుకొంటూనే, లోకాచారం దానికి అనుకూలంగా లేదని ఒప్పుకొన్నాడు. ఏ పుస్తకం ముందు అన్న తగవు మన ఇండ్లలో నిన్న పుట్టినది కాదని తెలిస్తే అత్తాకోడండ్లకు కొంత ఊరట కలుగవచ్చు.

ఇక మా నిర్ణయం. తెలుగు అధ్యాపకులమై ఉండి ఇది చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. ఇంట ఉర్దూ మాట్లాడే కుటుంబంలో పసిబిడ్డకు తొలి లిపి ఉర్దూ కావాలి. బిడ్డ పలికే మాటకే అక్షరరూపం చూపినప్పుడు చదువు తేలిక అవుతుంది. అంతేగాక, ఖాయిదా ఎట్లాగూ మన ఇండ్లలో తప్పదు. అందులోని అరబ్బీ అక్షరాలకు పే, టే, చే, డాల్, గాఫ్ వంటి కొన్నింటిని చేర్చితే ఉర్దూ వర్ణమాల సిద్ధమవుతుంది. ఒకే కష్టంతో రెండు పనులు నెరవేరుతాయి. మొదట, నడుమ, చివర అక్షరం రూపు మారడం ఉర్దూలో బిడ్డకు కష్టమైన మెట్టు. ఆ మెట్టుపై కనీసం ఆరు నెలలు నిలువనివ్వాలి. ఆ పైన తెలుగు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు చూచి భయపడేవారున్నారు గాని, వ్రాసినట్లే చదివే లిపి కనుక, అక్షరానికి ధ్వని ఉన్నదన్న రహస్యం ఒకసారి తెలిసిన బిడ్డ దానిని త్వరగా పట్టుకొంటుంది. మా అమ్మాయి ఉర్దూకు ఏడాది తీసుకొన్నది. తెలుగు గుణింతాలు నాలుగు నెలలలో ముగించింది.

అయితే ఇంట తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు మన రాష్ట్రంలో తక్కువేమీ కావు. దూదేకులవారు, నూర్‌బాషాలు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. వారి బిడ్డలకు తొలి లిపి తెలుగే కావాలి. ఇందులో నామోషీ పడవలసినది ఏమీ లేదు. కాని మన సభలలో, పెండ్లిళ్లలో, చెప్పవలసివస్తే మన కళాశాల వరండాలలో కూడా, "మీకు ఉర్దూ రాదా?" అని వారిని చిన్నబుచ్చేవారిని మేము చూశాము. ఆ మాట పడలేక ఒక తండ్రి, ఇంట ఎవరికీ రాని ఉర్దూతో తన కుమారునికి అక్షరాభ్యాసం చేయించి, రెండేండ్ల తరువాత వాడికి ఏ భాషలోనూ చదువు రాలేదని మా వద్దకు వచ్చి విచారించాడు. ఇతరుల ఎదుట గౌరవం కొరకు పిల్లవాని తొలి పుస్తకాన్ని ఎన్నుకొనడం కంటె అన్యాయం లేదు. ఉర్దూ కావలసినవారు దానిని ఎనిమిదవ ఏట, పదవ ఏట సుఖంగా నేర్వవచ్చు.

ఇంటి భాషలోనే తొలి చదువు అన్నది మన తెలుగుదేశంలో కొత్త వాదం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకునిగానే తలచుకొంటాము. అంతకు ముందే ఆయన పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను స్వయంగా నేర్చి, వారి పిల్లల కొరకు ఆ భాషలో వాచకాలు వ్రాశారు. బడి ఇంటి భాషకు తలుపు తీయాలని ఆయన ఎరిగినట్లు, ఇంట చదువు చెప్పే మనమూ ఎరగాలి. మన ఇంటి ఉర్దూ, పుస్తకంలోని ఉర్దూ ఒకటి కావు. మనది దక్కనీ. బిడ్డ "నక్కో" అంటుంది, పుస్తకం "నహీఁ" అంటుంది. బిడ్డ "హౌ" అంటే పుస్తకం "హాఁ" అంటుంది. బిడ్డ "బాతాఁ" అన్నదానిని పుస్తకం "బాతేఁ" అని దిద్దుతుంది. ఇట్టి చోట తల్లి నవ్వి, "ఇంట అట్లా, పుస్తకంలో ఇట్లా" అని చెబితే చాలును. తప్పు, మోటు అని కసిరితే బిడ్డ పుస్తకాన్ని గాదు, తన అవ్వ మాటను అసహ్యించుకొంటుంది.

లెక్కల విషయంలో మాత్రం మా సలహా వేరు. పందొమ్మిది దాటిన తరువాత తెలుగు అంకెల పేర్లు ఎంత చక్కగా నడుస్తాయో గమనించండి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై ఒకటి. పదులు ముందు, ఒకట్లు వెనుక. చెవికి వినబడినట్లే పలకపై వ్రాయవచ్చు. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్, తేయీస్ అని నూరు దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక వేరు పేరు కంఠస్థం చేయాలి. పైగా ముప్పైకి ఒకటి తక్కువ గనుక ఉన్‌తీస్, నలభైకి ఒకటి తక్కువ గనుక ఉన్‌తాలీస్, యాభైకి ఒకటి తక్కువ గనుక ఉన్‌చాస్. సరే, ఈ నియమం పట్టుకొని తొంభైకి వెళ్లిన బిడ్డకు ఎనభై తొమ్మిది 'నవాసీ' అని ఎదురవుతుంది. మా అమ్మాయి ఉన్‌సఠ్, ఉన్‌హత్తర్‌ల మధ్య వారం రోజులు దారి తప్పి తిరిగింది. ఆ పైన, ఉర్దూ అక్షరాలు కుడి నుండి ఎడమకు నడిచినా అంకెలు ఎడమ నుండి కుడికే వ్రాస్తారు. కనుక ఉర్దూ ఇంటి బిడ్డకైనా లెక్క తెలుగులో మొదలుపెట్టడం మేలు. మా అమ్మగారికి ఇది మొదట నచ్చలేదు. మనుమరాలు చింతగింజలను పదేసి కుప్పలు పోసి, "మూడు పదులు, నాలుగు, ముప్పై నాలుగు" అని చెప్పిన నాడు ఒప్పుకొన్నారు.

పుస్తకం ఎన్నుకొనడానికి మేము చూసేవి కొద్దిపాటి గుర్తులు. పుటలోని బొమ్మను బిడ్డ తనంతట తాను పేరు పెట్టి పిలువగలగాలి. ఒక పుటకు రెండు మూడు కొత్త అక్షరాలకు మించరాదు. నేర్చిన అక్షరాలతోనే తరువాతి పుటలో మాటలు రావాలి. దీనిని పాటించే పుస్తకాలు బజారులో చాలా అరుదు, కొనేముందు అయిదారు పుటలు త్రిప్పి చూడండి. అన్నిటికంటె ముఖ్యం, చెప్పే తల్లికో అక్కకో ఆ పుస్తకం తానుగా అర్థం కావాలి. పాత పుస్తకాలన్నీ పనికిరానివని త్రోసివేయనక్కరలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో పుదూరు సీతారామశాస్త్రిగారు కూర్చిన బాలశిక్షే నేటి పెద్దబాలశిక్షకు మూలం. అక్షరాలు మొదలు సంవత్సరాల పేర్లు, నీతి వాక్యాలు, భూగోళం దాకా ఒక ఇంటికి కావలసినదంతా ఒకచోట ఉంచాలన్న ఆలోచన దానిది. పసివానికి అది బరువు, పదేండ్లవానికి నిధి. ఉర్దూలో ఇస్మాయిల్ మేరఠీ (1844–1917) వ్రాసిన పిల్లల వాచకాలు ఇప్పటికీ చదువదగినవి; చిన్న మాటలు, ఆవులు, వానలు, పిండిమర చప్పుళ్లు. మాజీ రాష్ట్రపతి, మన హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ పిల్లల కొరకు వ్రాసిన 'అబ్బూఖాన్ కీ బక్రీ' మా ఇంట ఎన్నిసార్లు చదివించుకొన్నారో లెక్క లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఉర్దూలో కూడా వాచకాలు ప్రచురిస్తున్నది. వాటిని అంతర్జాలం నుండి ఉచితంగా దించుకొనవచ్చు. మా జీతంలో అయిదవ వంతు మ్రింగిన పెట్టెను తలచుకొంటే ఈ మాట చెప్పడానికి మాకు కొంచెం సిగ్గు.

పెట్టెలో పాఠాలు పంపే పద్ధతిని మేము నిందించడం లేదు. అమెరికాలో బాల్టిమోర్ నగరపు కాల్వర్ట్ పాఠశాల 1906లోనే ఇండ్లలో చదివే పిల్లలకు తపాలాలో పాఠాలు పంపసాగింది. బడి అందని కుటుంబాలకు అది మేలు చేసింది. ఇంగ్లండులో 1944 విద్యాచట్టం బిడ్డకు చదువును బడిలోనో "మరొక విధంగానో" ఇప్పించవచ్చునని తల్లిదండ్రులకు వీలు కల్పించింది. నేడు మన నగరాలలో కొందరు పిల్లలను అసలు బడికే పంపక ఇంటనే చదివిస్తున్నారు. వారి సంగతి వేరు. మా వ్యాసం ఆరేండ్లకు లోపు పసివారిని గూర్చి.

వాడుకను గూర్చి రెండు మాటలు. ఒక పూటకు ఇరవై నిమిషాలు చాలు. బిడ్డ ఇంకా చదువుతానంటున్నప్పుడే పుస్తకం మూసివేయాలి. వ్రాత తొందర వద్దు. పళ్లెంలో బొంబాయి రవ్వ పరచి వ్రేలితో దిద్దించడం మేలు. చెరిపివేయడం కూడా బిడ్డకు ఆటే. ఇటలీ దేశస్థురాలు మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను వ్రేలితో తడిమించేది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు ఈ పద్ధతులు నేర్పినది. మన పేద ఇండ్లలో రవ్వ పళ్లెమే ఆ పని చేస్తుంది, తరువాత ఉప్మాకు పనికివస్తుంది కూడా. పాఠం కాగానే బిడ్డను ఆటకు వదలాలి. ఇమామ్ గజాలీ సైతం పాఠం ముగిసిన బిడ్డకు ఆట ఉండవలెనని, ఆట మాన్పి ఎడతెగక చదివిస్తే హృదయం చచ్చి, బుద్ధి మొద్దుబారుతుందని వ్రాశాడు. ఆయనను తలచుకొని ప్రసంగాలు చేసే తండ్రులు ఈ భాగాన్ని దాటవేస్తుంటారు.

"ఇదంతా బాగున్నది, కాని ఇంగ్లీషు రాకపోతే బడిలో చేర్చుకోరు గదా" అని అడిగేవారున్నారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. మూడున్నరేండ్ల బిడ్డను ఎదుట కూర్చోబెట్టి రంగుల పేర్లు ఇంగ్లీషులో అడిగే పాఠశాలలు మన పట్టణాలలో ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ప్రవేశం కొరకు బిడ్డను గాని తల్లిదండ్రులను గాని వడపోయరాదని నిషేధించింది. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. మన సంస్థల స్వేచ్ఛను కాపాడిన ఆ తీర్పు మనకు హర్షదాయకమే. అయితే దానిని అడ్డుపెట్టుకొని మనవారే మన పసివారిని పరీక్షకు నిలబెట్టడం మాకు బాధ కలిగిస్తున్నది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పింపవలెనని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం చెబుతున్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును పునాది దశగా పేర్కొని, ఇంటి భాషకు పెద్దపీట వేసింది. ఇన్ని ఉండి, ఇంగ్లీషు రంగుల పేర్ల ముందు మన తల్లులు వణకుతున్నారు. ఇంగ్లీషు మాటలు చెవిని పడనివ్వండి, పాటలు పాడించండి. అక్షరాలను బడికి వదలండి. మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలు ఆరవ ఏట పట్టింది. ఒక తరగతి వెనుకబడుతుందని మేమూ భయపడి రాత్రులు నిద్రపోలేదని ఒప్పుకొంటున్నాము. ఏడాది తిరిగేసరికి తోటివారితో సమానంగా నిలిచింది.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటి ఉన్నది. మన గ్రంథాలయంలో ఒక బీరువా పసివారి పుస్తకాలకు కేటాయించాలి. విద్యార్థినులు వాటిని పక్షం రోజుల చొప్పున ఇండ్లకు తీసుకొనిపోయే వీలుండాలి. మా జీవితంలో ఎన్నడూ మరల తెరువని ఆ ఖరీదైన పెట్టెను, లోపల ఉన్న మంచు మనిషితో సహా, దానికి మేము తొలి కానుకగా ఇస్తాము. పుస్తకం ఎట్లా ఉండకూడదో చూపడానికి పనికివస్తుంది.

అంతకంటె ముఖ్యమైన పని ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి చేయదగినది. కలం, కుర్చీ, జేబు, రోజు, బజారు, దుకాణం, జవాబు, ఖాళీ, గులాబీ. ఈ మాటలు రెండు భాషలలోనూ ఉన్నాయి, ఏ ఇంటి బిడ్డకైనా తెలిసినవే. ఇట్టివి రెండు వందలు ఏరి, ఒక పుటకు ఒక మాటగా, కుడివైపు ఉర్దూ లిపిలో, ఎడమవైపు తెలుగు లిపిలో, నడుమ బొమ్మతో ఒక చిన్న వాచకం కూర్చవచ్చు. ముందుగా ఒక వైపు కాగితంతో మూసి ఇంటి భాష వైపే చదివించి, ఆ వైపు పూర్తి అయిన తరువాతనే రెండవ వైపు తెరవాలి. బొమ్మలు వేయగల విద్యార్థులు మన బి.ఏ. రెండవ సంవత్సరంలో ముగ్గురున్నారు. మాటల పట్టికను మేము మొదలుపెట్టాము, ఇప్పటికి డెబ్బై నాలుగు చేరినవి. తమకు తోచిన మాటలను ఒక కాగితంపై వ్రాసి మా గది తలుపు సందులో వేయవలసినదిగా విద్యార్థినీ విద్యార్థులను కోరుతున్నాము.